ఊపిరి కోసం ఆగే పెట్టె

లాగ్ 118

గొంతుపెట్టెల మరమ్మతు తప్ప ఈ లాగ్‌లో ఇంకేమీ రాయకూడదని మెట్ట మీది ఆఫీసువాళ్ళ ఉత్తర్వు. చదివే నాథుడు లేడని నాకు ఎప్పుడో తెలిసిపోయింది. పోయినసారి మూడు పేజీల నిండా కొర్లయ్య బాబాయి చేసిన చేపల పులుసును తిట్టి పంపితే 'పని సంతృప్తికరం' అని జవాబొచ్చింది. కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

ఇవాళ్టి పని. హాల్లో రెండు పెట్టెలు బాగుచేశాను. రెండూ కొర్లయ్య బాబాయివే. వంటవాడు గరిటె ముంచాలి గాని మెడలోని పెట్టెను ముంచకూడదని ఎన్నిసార్లు చెప్పినా చెవిన వేసుకోడు. పెట్టె లేకపోతే ఈ దిగువలో ఆయన మాట ఎవరికీ అర్థం కాదు. సముద్రం అడుగున పీల్చే ఈ హీలియం గాలికి అందరివీ బాతు గొంతులే. పెట్టె ఆ కూతను సరిచేసి మా చెవుల్లో మనిషి గొంతు చేసి వేస్తుంది. గొంతు కాని ప్రతిదాన్నీ చప్పుడనుకుని తీసి పారేస్తుంది.

ఆ తీసి పారేసే గుణం వల్లే బెనితో మావతో నాకు స్నేహం కుదిరింది. ఆయన వెల్డరు. ఎక్కడో రొసారియో అనే ఊళ్ళో పుట్టి, ఆ రేవు మునిగాక ఇక్కడికి దిగాడు. మావాళ్ళంతా మా పల్లె మునిగాక దిగినట్టే. వస్తూ ఆయన తెచ్చుకున్నది ఒకే వస్తువు, బాండోనియోన్. హార్మోనియానికి దూరపు చుట్టం. ఒళ్ళో పెట్టుకుని, మధ్యలో ఉన్న తోలు తిత్తిని రెండు చేతులా సాగదీసి మూస్తూ మీటలు నొక్కాలి. మీట ఒకటే అయినా తిత్తి తెరిచేటప్పుడు ఒక స్వరం, మూసేటప్పుడు ఇంకో స్వరం పలుకుతుంది. దానితో టాంగో అనే జంట నాట్యపు పాటలు వాయిస్తాడు. మొదట్లో ఆయన ఎంత వాయించినా మా చెవుల్లో నిశ్శబ్దమే. పాపం, గొంతుపెట్టెలు దాన్ని పంపుల రొదతో కలిపి తుడిచేసేవి. హాల్లోని పెట్టెలన్నీ విప్పి, ఆ వాద్యాన్ని కూడా గొంతుగానే లెక్కపెట్టమని వాటికి నేర్పించాను. అప్పటినుంచీ ఆయన నన్ను "పోలీ" అని కూతురిని పిలిచినట్టు పిలుస్తాడు. నా పూర్తి పేరు పోలేశ్వరి అని ఆయనకు గుర్తుందో లేదో.

ఇవాళ ఆయన ఆ వాద్యాన్ని చంకన పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఒక మీట నొక్కి తిత్తి తెరిచాడు. గాలి మాత్రమే వచ్చింది.

"ఏటైంది మావా?"

"సచ్చిపోనాది," అన్నాడు. ఆయన తెలుగంతా కొర్లయ్య వంటగదిలో నేర్చినదే. "మూసినప్పుడు బతికే ఉంటాది. తెరిస్తే నేదు."

విప్పి చూశాను. లోపల స్వరం పలికే ఉక్కు నాలుకకు ఉప్పు పట్టి తుప్పు తినేసింది. పక్కవాటి మీద కూడా ఎర్ర చుక్కలు కనిపించాయి. ఆయనతో ఆ సంగతి చెప్పలేదు.

లాగ్ 121

మెట్ట మీదికి కబురు పెట్టాను. బాండోనియోన్ నాలుకలు సరఫరా సరుకుల్లో లేవట. పళ్ళపొడి మాత్రం కావలసినంత పంపుతారట. బెనితో మావ తనే ఉక్కురేకు కోసి, అరగదీసి ఒకటి బిగించాడు. ఒక విశ్రాంతి షిఫ్టు పలికింది. తర్వాత అపస్వరంలోకి జారి విరిగిపోయింది. ఈలోగా ఇంకో రెండు పోయాయి.

"ఇనెస్ ఒచ్చేదాకా నిలుస్తాదా?" అని అడిగాడు.

ఇనెస్ ఆయన కూతురు, మెట్ట మీద తెలుగువాళ్ళ మధ్యే ఉంటుంది. తండ్రి ఊపిరితిత్తులు పైకెక్కే ప్రయాణాన్ని తట్టుకోలేవని డాక్టర్ ఇందీవర ఏడాది కిందటే తేల్చి చెప్పింది. అందుకని కూతురే కిందికి రావడానికి అనుమతి తెచ్చుకుంది. మనుషుల్ని దించే తొట్టి ఈ కాలం చివర వస్తుంది. అప్పటిదాకా నిలవాలి. ఆయన అడిగింది వాద్యం గురించే. నాకు మాత్రం ఆయన దగ్గు వినిపిస్తోంది.

టాంగోకు ఒక పద్ధతి ఉంది. నాలుగు పాటలు ఒక వరస. ఒకరితో మొదలుపెడితే ఆ నాలుగూ వాళ్ళతోనే ఆడాలి. మధ్యలో ఎవరైనా "గ్రాసియాస్" అంటే, అంటే ధన్యవాదాలు చెబితే, ఇక చాలు, నేను వెళ్తున్నాను అని లెక్క. అప్పుడు రెండోవాళ్ళు మారుమాట లేకుండా కుర్చీదాకా దిగబెట్టి రావాలి. నేను ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు, నేరుగా చెవుల్లోకి వచ్చే పాత రికార్డింగులకు హాల్లో ఆడుతుంటే, బెనితో మావ నన్ను పిలిచాడు. మొదటి పాట కాగానే, నాకొచ్చిన ఒకే ఒక్క పరాయి మాట కదా అని మర్యాదగా "గ్రాసియాస్" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. మోచేయి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, తల వంచి వెళ్ళిపోయాడు. ముసలాయనకి ఎంత పొగరు అని నేను చాలాకాలం మొహం చాటేశాను. తర్వాత కొర్లయ్య బాబాయి నవ్వీ నవ్వీ అసలు సంగతి చెప్పాడు. సాయం చేసినవాళ్ళకి దండం పెట్టకుండా కదలొద్దని పెంచారు మమ్మల్ని. ఆ పెంపకమే కొంప ముంచింది.

వరసలోని మొదటి మూడు పాటలూ ఇనెస్‌కి తెలుసు. చిన్నప్పుడు తండ్రి బూట్ల మీద పాదాలు పెట్టి వాటికి ఆడింది. నాలుగోది ఆయన ఇక్కడికి దిగాక కట్టాడు, ఆమె కోసమే. ఆమె ఇంకా వినలేదు. రికార్డు చేసి పంపిస్తానన్నాను.

"పాట సెవులకి కాదు, కాళ్ళకి," అన్నాడు. "ఎదురుగా దాని కాళ్ళుండాలి."

ఆ నాలుగోది వాయించి చూపించాడు. మొదట తిత్తి పూర్తిగా సాగదీశాడు, మీట నొక్కకుండా. ఉత్త గాలి.

"స్వరమేదీ?" అన్నాను.

"గాలే. ఊపిరి పీల్చకండా ఎవుడు మాటాడతాడు?" అన్నాడు.

లాగ్ 130

చచ్చిన స్వరాల స్థానంలో నేను కరెంటు స్వరాలు పెడతానంటే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఖాళీలు ఖాళీలుగానే ఉండాలట. ఆ ఖాళీలతో వాయిస్తే పాట పళ్ళూడిన నోరులా ఉంది. ఆ మాటే మొహం మీద అనేశాను. నాకు నోరు ఆగదు. నాలుగో రోజున ఆయనే వచ్చి బాండోనియోన్ నా బల్ల మీద పెట్టాడు.

పాత గొంతుపెట్టె ఒకటి విప్పి, మీటల కింద తీగలు వేసి, పోయిన ప్రతి స్వరానికీ బదులు పలికేలా చేశాను. మొదటిది వినగానే, "ఇది ఫ్రిజ్జు," అన్నాడు. నిజమే. శుద్ధమైన స్వరం, ప్రాణం లేదు. తర్వాత పంపుల రొదను రికార్డు చేసి అందులోంచి తీశాను. దిగువ గోడలు మూలిగే మూలుగు కూడా కలిపాను. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ రొదే జోలపాట. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

విశ్రాంతి షిఫ్టులో హాల్లో వాయించాడు. సగం ఉక్కు, సగం కరెంటు. అడుగున పంపు దెబ్బలు. గనుల్లో రాళ్ళు ఏరే కుర్రాళ్ళు, ఎప్పుడూ టాంగోను ముసలాళ్ళ గోల అనేవాళ్ళు, బల్లలు జరిపి మరీ నిలబడ్డారు. నాకు గర్వంగా అనిపించింది. ఎందుకు దాచాలి, చాలా గర్వంగా అనిపించింది.

కాని ఆడేవాళ్ళు తడబడ్డారు. ఒకరి కాలు ఒకరు తొక్కారు. ఏం జరుగుతోందో ఎవరికీ తెలియలేదు, ఆయనకు తప్ప.

"నీ పెట్టె తొందరడిపోతంది పోలీ," అన్నాడు. "నాను గాలి పీలుస్తాను. అది పీల్చదు. ఆ సందులోనే కాలు లేస్తాది. సందు లేకపోతే కాలెక్కడెడతారు?"

లాగ్ 137

తిత్తి మడతల్లో ఒక చిన్న పట్టీ అంటించాను. తిత్తి కదలిక ఎంతో, ఎంతసేపో అది కొలుస్తుంది. ఇప్పుడు నా పెట్టె తిత్తి గాలి పీల్చేదాకా ఆగుతుంది. ఆయన ఆలస్యం చేస్తే ఆలస్యం, ఆపేస్తే ఆపేసినట్టే. తనంతట తానుగా ఒక్క స్వరం కూడా వేయదు. అది ఆగి ఉన్నంతసేపూ పచ్చదీపం వెలుగుతుంది.

ఆయన వాయించి చూశాడు. ఒకచోట కావాలనే తిత్తి పట్టుకుని ఆపేశాడు. పెట్టె ఆగింది. పచ్చదీపం వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు. నేను భయపడ్డాను, ఏదో తీగ ఊడిందేమోనని. తర్వాత మెల్లగా తిత్తి మూశాడు. స్వరం వచ్చింది, నిట్టూర్పు వెనకాలే.

"నేర్సుకుంది," అన్నాడు. అంతే. మెట్ట వాళ్ళిచ్చిన సర్టిఫికెట్లన్నీ ఆ ఒక్క మాట ముందు దండగ.

ఆరోజు హాల్లో ఎవరూ ఎవరి కాలూ తొక్కలేదు. కొర్లయ్య బాబాయి ఏడ్చాడు. ఉల్లిపాయలని అబద్ధమాడాడు.

లాగ్ 149

ఉక్కు స్వరాల్లో ఇప్పుడు నాలుగైదే మిగిలాయి. ఒక్కోటి పోయినప్పుడల్లా నేను కరెంటుది పెడుతున్నాను. ఇదివరకు ఏది ఏదో నాకు తెలిసేది. ఇప్పుడు నేను కూడా చూసి చెప్పాల్సిందే. తిత్తి మాత్రం ఆయనదే. గాలి ఆయనదే.

ఆ గాలే తగ్గిపోతోంది. వెల్డింగు పొగ, ఉప్పు తేమ, ఇన్నేళ్ళ హీలియం. ఒక పాట పూర్తి చేసి గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు. డాక్టర్ ఇందీవర ఆయన ఛాతీకి ఊపిరి కొలిచే పట్టీ కట్టింది.

"పోలేశ్వరిగారూ, వాయించడం మాన్పించండి," అంది నన్ను పక్కకు పిలిచి. "మీ మాట వింటారు."

"ఒకరి మాట వినే మనిషైతే ఈ ఊళ్ళోకే దిగేవాడు కాదండీ," అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది. నాకు ఇంకా ఎక్కువ వచ్చింది. ఎవరి మీదో తెలియదు. బల్ల దగ్గరికి వచ్చి, బాగున్న గొంతుపెట్టెను అనవసరంగా విప్పి మళ్ళీ బిగించాను.

తొట్టి ఆలస్యమవుతుందని మెట్ట నుంచి కబురు. పైన తుపానట. ఇక్కడ మాకు ఆకు కూడా కదలదు.

లాగ్ 156

ఆఖరి ఉక్కు స్వరం పోయింది. ఆయనకు చెబుదామని వెళ్తే మంచం మీద ఉన్నాడు. బాండోనియోన్ ఒళ్ళో పెట్టాను. చేతులు తిత్తిని సగం కూడా తెరవలేకపోయాయి. బలవంతాన లాగబోతే దగ్గు ముంచుకొచ్చింది.

"అయిపోనాది పోలీ. ఇనెస్‌కి సెప్పు, నాన్న సేతకానోడైపోనాడని."

నా దుఃఖం నాకు కోపంగానే బయటికొస్తుంది. "పుట్టి మునిగిపోనట్టు మాటాడకు మావా," అన్నాను. అని, ఆయన ఛాతీ మీద డాక్టరు పట్టీ లేస్తూ దిగుతూ ఉండడం చూశాను.

తిత్తి కదలిక కొలిచే పట్టీ, ఛాతీ కదలిక కొలిచే పట్టీ. రెండూ నా డ్రాయర్లోంచి వెళ్ళినవే. ఛాతీ పట్టీ నుంచి ఒక తీగ లాగి నా పెట్టెకు కలిపాను. ఆయన వాయించినప్పుడల్లా అది గుర్తుపెట్టుకున్న పాటలన్నీ అందులో ఉన్నాయి, ఆయన వేళ్ళు నొక్కిన తీరుతో సహా. కావలసింది ఊపిరి ఒక్కటే. ఆయన పీల్చాడు. ఒక స్వరం తెరుచుకుంది. వదిలాడు. ఇంకో స్వరం మూసుకుంది.

ఆయన నవ్వాడు. నవ్వితే పాట వణికింది. అది విని ఇంకా నవ్వాడు. ఈ గదిలో ఆ నవ్వే నాకు ఆఖరి సంతోషం అవుతుందని అనిపించింది. అనిపించకుండా ఉంటే బాగుండేది.

లాగ్ 160

తొట్టి దిగింది. ఇనెస్ వచ్చింది. మనిషి పొడగరి, తండ్రి కళ్ళు. ఒంటి వేడి లాగేసే ఈ గాలి కొత్త కదా, చలికి వణుకుతూ రెండు దుప్పట్లు కప్పుకుని వచ్చింది. ఆమె మెడలో గొంతుపెట్టె నేనే వేశాను. తండ్రిని చూసింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన అరచేతిలో మొహం దాచుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

ఆయనే తొందరపెట్టాడు. "ఆడు," అన్నాడు. నావైపు చూసి, "ఎయ్," అన్నాడు.

మంచానికీ గోడకీ మధ్య నాలుగడుగుల చోటు. కొర్లయ్య బాబాయి ఏప్రాను విప్పి, చేతులు తుడుచుకుని ఆమె ముందు తల వంచాడు. నేను పెట్టె దగ్గర. డాక్టర్ ఇందీవర తలుపు దగ్గర. హాల్లో మిగతా జనమంతా తమ చెవుల్లో వింటున్నారు.

మొదటి పాట ఆయన బాగానే పీల్చాడు. ఇనెస్ దుప్పట్లు కింద పడేసింది. కళ్ళు మూసుకుని ఆడింది. తండ్రి ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ ఆమె పాదం ఆగింది. ఏ పాదం ఎప్పుడు కదలాలో ఆ మనిషి బూట్ల మీద నిలబడి నేర్చుకుంది కదా. రెండోదానికి ఆగడాలు ఎక్కువయ్యాయి. పచ్చదీపం వెలిగి ఆరి వెలుగుతోంది. మూడోది చాలా నెమ్మదిగా నడిచింది. అంత నెమ్మదిగా టాంగో ఉండదు. వాళ్ళిద్దరూ దాదాపు నిలబడే ఉన్నారు. అయినా అది డాన్సే. నేను ఇంతవరకు చూసినవాటిలో అదే మంచి డాన్సు.

మూడోది అయిపోయింది. పెట్టె నాలుగోదాని కోసం ఆగింది. ఒక పెద్ద ఊపిరి, ఉత్త గాలి, అక్కడ మొదలవ్వాలి.

బెనితో మావ కూతురి వైపు చూశాడు. "గ్రాసియాస్," అన్నాడు.

కొర్లయ్య బాబాయి చెయ్యి వదిలేశాడు. ఆయనకు తెలుసు. ఇనెస్‌కి ఇంకా బాగా తెలుసు. ఆమె కదల్లేదు.

ఆయన ఊపిరి పలచబడిపోయింది. పెట్టెకు ఆనవాలు తెలియనంత పలచగా. డాక్టర్ ఇందీవర పరుగున వచ్చి మొహానికి తొడుగు పెట్టి మరను నడిపించింది. ఆమె పని ఆమె చేసింది. మర గాలి కొట్టింది. ఆయన ఛాతీ పెద్దగా లేచింది.

ఛాతీ పట్టీ తీగ నా పెట్టెకు ఉందని నేను మరిచిపోయాను.

ఉత్త గాలి శబ్దం వచ్చింది. నాలుగో పాట మొదలు. ఆయనకు ఊపిరి అందిందనుకుని హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు, చెవిలో వినిపించింది. ఇనెస్ పాదం తనకు తెలియకుండానే లేచింది. మొదటి స్వరం వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది. మర కొట్టే గాలికి తగ్గట్టు, అన్నీ ఒకే ఎడంతో, గోడగడియారంలా. తడబాటు లేదు, ఆలోచన లేదు. కూతురి కోసం ఆయన దాచుకున్న పాటను పంపు వాయిస్తోంది.

ఇనెస్ పాదం కిందికి దించింది. వాళ్ళ భాషలోనే అంది. మావ దగ్గర నేర్చిన నాలుగు ముక్కలతో నాకు అర్థమైంది.

"ఇది నాన్న కాదు."

నేను తీగ పీకేశాను.

హాల్లో చప్పట్లు ఆగిపోయాయి. మర మాత్రం గాలి కొడుతూనే ఉంది. కొర్లయ్య బాబాయి ఇనెస్ మోచేయి పట్టుకుని, పద్ధతి ప్రకారం, కుర్చీదాకా దిగబెట్టాడు.

లాగ్ 161

ఆయన పోయాడు. తొడుగు తీసేయమని ఇనెస్సే చెప్పింది. డాక్టర్ ఇందీవర తల ఊపింది. ఈ షిఫ్టులో గొంతుపెట్టెలేవీ బాగుచేయలేదు.

లాగ్ 165

ఇనెస్ ఇవాళ తొట్టెక్కింది. బాండోనియోన్ తీసుకెళ్ళింది. లోపలున్నవన్నీ నా తీగలే కాబట్టి విప్పేశాను. ఇప్పుడందులో చెక్క, తోలు, మీటలు తప్ప ఏమీ లేవు.

వెళ్ళేముందు నా బల్ల దగ్గర కూర్చుంది. కొర్లయ్య బాబాయి టీ తెచ్చాడు. ఈ గాలిలో టీకి రుచుండదు, అయినా తాగింది. నాలుగోది నీకు మొత్తం తెలుసు కదా అని అడిగింది. తెలుసన్నాను. కావాలంటే వినిపిస్తానని, తీగ లేకుండా కూడా పెట్టె వాయించగలదని, ఆగే పని మాన్పిస్తే చాలని చెప్పాను. చెబుతుంటేనే నాకు సిగ్గేసింది.

వద్దంది. గ్రాసియాస్ అన్నాక పాట ఉండదంది. అది ఎలా మొదలవుతుందో మాత్రం చెప్పమంది.

"స్వరం ఉండదు. గాలే," అన్నాను.

ఆమె బాండోనియోన్ ఒళ్ళో పెట్టుకుంది. ఏ మీటా నొక్కకుండా తిత్తి సాగదీసింది, నెమ్మదిగా, చివరిదాకా. నా గొంతుపెట్టె తీసేసి ఉత్త చెవులతో విన్నాను. తోలు మడతల్లోంచి గాలి లోపలికి వెళ్తున్న చప్పుడు. అచ్చం ఆయన పీల్చినట్టే. సాగదీసి అలాగే పట్టుకుంది. మూయలేదు. నేను ఏడ్చాను, ఉల్లిపాయల వంక కూడా లేకుండా. తర్వాత దాన్ని తెరిచింది తెరిచినట్టే దుప్పటిలో చుట్టి, చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

వాడని పెట్టెను ఆపేసి, ఆపినట్టు లాగ్‌లో రాయాలని ఉత్తర్వు. బెనితో మావ కోసం నేను కట్టిన పెట్టె నా బల్ల మీదే ఉంది. పచ్చదీపం వెలుగుతోంది. నాలుగో పాట దగ్గర ఆగి, ఒక ఊపిరి కోసం చూస్తోంది. అలా ఆగమని దానికి నేర్పింది నేనే.

ఆపేముందు పద్ధతి ప్రకారం నేనూ ఆ మాట అనాలి. కొత్తలో తెలియక ఎంత తేలిగ్గా అనేశానో.

ఇంకా అనలేదు. పెట్టె ఆపలేదు.